వెనక బాత్రూం లేని గోడ

సినిమా తెరని ఇటుకలతో కడదామన్నది మా నాన్న. ఇనప రేకులతో చేయిద్దామన్నది మా అన్నయ్య. నేను నాన్న పక్షం. ఆ రోజు నేను చేసిన వాదన తలచుకుంటే ఇప్పటికీ నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

ఆ ఎండాకాలానికి మా ఇటుకల బట్టీ చల్లారిపోయింది. జనం సిమెంటు దిమ్మెలకి మరిగారు, మా ఇటుక వంక చూసేవాడు లేడు. మిగిలింది స్థలం. ఊరి చివర, మెయిన్ రోడ్డు పక్కన, గడ్డిపోచ కూడా మొలవని బోడి నేల. ఏడో క్లాసులో బడి మానేసిన దగ్గర్నుంచి నా బతుకంతా ఆ నేల మీదే పొగ పీలుస్తూ గడిచింది. అన్నయ్య మాత్రం చదువుకున్నాడు. బురదలోకి కూడా బూట్లతో దిగేవాడు కాబట్టి పనివాళ్ళు వాణ్ణి ఆఫీసరు అనేవాళ్ళు. మట్టి ఎక్కడ కొనాలి, ఇటుక ఎవరికి అమ్మాలి, అవన్నీ వాడూ నాన్నా చూసుకునేవాళ్ళు. కాల్చడం నా పని.

బట్టీ ఆఫీసు గదిలో ఫోను తీసి నాన్న ముక్కు దగ్గర పెట్టాడు అన్నయ్య. "డ్రైవ్-ఇన్ థియేటర్ నాన్నా. జనం కార్లలోనే వస్తారు, కార్లలోనే కూచుని చూస్తారు, కార్లలోనే పోతారు. మనకి కుర్చీలు అక్కర్లేదు, కప్పు అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు. ఒక తెర, ఒక ప్రొజెక్టరు. మాటలూ పాటలూ వాళ్ళ కారు రేడియోకే పంపిస్తాం."

"మరి మనం ఇచ్చేదేంట్రా?"

"చీకటి."

"చీకటికి టికెట్టా!" నాన్న కాసేపు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కిటికీలోంచి ఆరిపోయిన పొగగొట్టం వైపు చూసి ఆగిపోయాడు. "సరే కానీ. తెర సంగతేంటి?"

"ఇనప చట్రం, దాని మీద తెల్ల రేకులు. నేను మాట్లాడి పెట్టాను."

"రేకులా? ఇటుకల బట్టీ వాళ్ళు రేకుల తెర పెట్టారంటే ఊరు నవ్వదూ? ఆఖరి బట్టీ ఇటుక అంతా అలాగే పడుంది. దాంతో ఎత్తుగా గోడ లేపి, నున్నగా ప్లాస్టరింగు చేసి, తెల్ల రంగు కొట్టి, దాని మీద సినిమా పడితే అదీ దర్జా!"

"ఇటుక వద్దు నాన్నా."

"ఎందుకొద్దు?"

అన్నయ్య నీళ్ళు నమిలాడు. "రేకైతే తేలిక. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేసుకోవచ్చు."

"విప్పేసుకోవడానికి అదేమన్నా చొక్కానా?" అన్నాన్నేను. "అది నేను కాల్చిన ఇటుక. నీ మనవలు కూడా ఆ గోడ మీదే సినిమా చూస్తారు."

అన్నయ్య నా వంక అదోలా చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు. ఇంటరు ఫెయిలైన రోజున కూడా వాడి మొహం అలా లేదు.

అప్పుడే నా భార్య టీ తెచ్చింది. గ్లాసులు బల్ల మీద సర్దుతూ, మా ఎవరి వైపూ చూడకుండా, "గోడ పనికి మా నాన్నని పిలిస్తే బావుంటుందేమో మావయ్యా" అంది.

మా మామగారు తాపీ మేస్త్రీ. ఒకప్పుడు ఊళ్ళో సగం గోడలు ఆయన చేతి మీదుగా లేచినవే. ఆయన కట్టిన ఇళ్ళల్లో గోడలు పెచ్చులూడటం మొదలయ్యాక ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. రంగు ఉబ్బేది, తెల్లగా పొడి రాలేది, ఆ తర్వాత ప్లాస్టరింగు పలకలు పలకలుగా కింద పడేది. ఇటుక మాది కాబట్టి ఇంటివాళ్ళు ముందు మా దగ్గరికే వచ్చేవాళ్ళు. నాన్న కాలు మీద కాలేసుకుని రెండే ప్రశ్నలు అడిగేవాడు. "గోడ వెనక బాత్రూం ఉందేమో చూసుకున్నావా? ఉంటే తేమ. లేకపోతే మేస్త్రీ ఎవరు?" మా మామ పేరు చెప్పగానే తల అటూ ఇటూ ఊపేవాడు. "వియ్యంకుడని కూడా చూడను. ఆ చెయ్యి మంచిది కాదు."

చివరికి మా ముందుగది గోడ కూడా ఊడింది. అది మామగారే మా కోసం ప్రేమగా కట్టి ఇచ్చిన గది. ఆ రోజు మా వాకిట్లో పెద్ద రభస అయింది. మామగారు ఇటుక మీద అనుమానం ఉందన్నాడు. నాన్న గయ్యిమన్నాడు, నేనూ గయ్యిమన్నాను. మధ్యలో నా భార్య వచ్చి, "చేతకాకపోతే చేతకాలేదని ఒప్పుకో నాన్నా, వీళ్ళ మీదకెందుకు తోస్తావ్?" అంది. ఆయన చేతిలో ఉన్న తాపీ మా వాకిట్లోకి గిరాటేసి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఆయన మా గుమ్మం తొక్కలేదు. ఈవిడ ఆ గుమ్మం తొక్కలేదు. మధ్యలో ఉన్నవి మూడు వీధులు.

ఇప్పుడు టీ గ్లాసు అందుకుంటూ నాన్న అన్నాడు: "మీ నాన్న చెయ్యి పడితే హీరో ఎంట్రీ లోపే తెర రాలిపోతుందమ్మా."

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడ ఖాళీ ట్రే పట్టుకుని వెళ్ళిపోయింది. అన్నయ్య ఒక్కడే నవ్వలేదు, బూటు ముందుభాగంతో నేల గీకుతూ కూచున్నాడు.

గోడకి నాన్న వేరే ఊరి నుంచి పెద్ద మేస్త్రీని రప్పించాడు. ఖరీదైన మనిషి. తన ఇసుక తనే తెచ్చుకున్నాడు, తన సిమెంటు తనే తెచ్చుకున్నాడు, తాగే నీళ్ళు కూడా తనే తెచ్చుకున్నాడు. పరంజా మీద నిలబడి ఆయన ప్లాస్టరింగు నున్నబడేలా మట్టపుకర్ర లాగుతుంటే నాన్న కింద కుర్చీ వేయించుకుని చూస్తూ, దారిన పోయే వాళ్ళని కేకేసి మరీ చూపించేవాడు. "మేస్త్రీ అంటే ఇలా ఉండాలి!"

నా భార్య ఆ పక్కన పాత కూలీల పాకని పాప్‌కార్న్ కొట్టుగా మారుస్తోంది. ఒకసారి పని ఆపి పరంజా వైపు చూసి, "మా నాన్న కూడా తాపీ అచ్చం ఇలాగే పట్టుకునేవాడు" అంది.

"పట్టుకోవడం అందరూ పట్టుకుంటారు" అన్నాన్నేను. అదీ నా నోరు.

నేల మీద మట్టితో పొడుగ్గా కట్టలు పోశాం, వరసకొకటి. కారు ముందు చక్రాలు కట్ట మీదకెక్కితే ముక్కు పైకి లేచి లోపలివాళ్ళకి తెర తిన్నగా కనిపిస్తుంది. ఇటుక ఆరబెట్టే షెడ్డు ప్రొజెక్టరు గది అయింది. గోడకి తెల్లరంగు కొట్టిన సాయంత్రం దాన్ని చూస్తే, అబద్ధం ఎందుకు, నా గుండె పొంగింది. ఆ నేల మీద నేను కాల్చిన ఇటుక వెళ్ళిపోవడమే చూశాను గానీ నిలబడటం ఎప్పుడూ చూడలేదు.

థియేటరు తెరిచాం. జనం విరగబడి వచ్చారు. చీకటి పడేసరికి రోడ్డు మీద కార్ల బారు. నా చేతిలో టార్చి, నా పని దారి చూపడం. "ముందుకి, ముందుకి, ఇంకా, కట్ట ఎక్కించండి, ఆపండి, లైట్లు ఆర్పండి." లైట్లు ఆర్పించడమే అన్నిటికన్నా పెద్ద పని. ఒక్కడు హెడ్‌లైటు వేసినా తెర మీద బొమ్మ కొట్టుకుపోతుంది. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రతి కారు కిటికీలోకీ వంగి పళ్ళికిలించేవాడు. నాన్న గేటు దగ్గర కుర్చీలో కూచుని టికెట్టు తీసుకున్న ప్రతివాడితోనూ చెప్పేవాడు: "ఆ తెర చూశారూ, మా ఇటుకే!"

జనం సంగతి చెప్పుకోకపోతేనే మర్యాద. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా కడిగి బోర్లించే మనుషులు కారెక్కితే ఏమైపోతారో నాకు అర్థం కాదు. తలుపు ఓరగా తీసి చెయ్యి బయట పెట్టి అన్నీ అక్కడే వదిలేసేవాళ్ళు. చీకిన ఎముకలు, ముక్కు తుడిచిన కాగితాలు, పసివాళ్ళ నిండిన డైపర్లు. ఒక పెద్దమనిషి, బ్యాంకులో ఉద్యోగం, కొడుకుని తీసుకొచ్చి తెర మొదట్లోనే ఒంటికి పోయించాడు. "ఏంటండీ ఇది?" అంటే, "చిన్నపిల్లాడు కదయ్యా" అన్నాడు. చిన్నపిల్లాడు సరే, పక్కన నిలబడి తనూ మొదలుపెట్టాడు. పొద్దున్నే చీపురు పట్టుకుని ఊరి ఎంగిలి అంతా నేను ఎత్తేవాణ్ణి. కాల్చడం పోయి ఊడవడం వచ్చింది నాకు.

అయినా ఇల్లు తేరుకుంటోంది. వదిన కొత్త కర్టెన్లు కుట్టించింది. నా భార్య పాప్‌కార్న్ కొట్టు దగ్గర కూనిరాగాలు తీసేది. ఆవిడ పాడగా విని ఎన్నాళ్ళయిందో.

నడిమి ఎండల్లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పెద్ద వాన కొట్టింది. గంటసేపు కుమ్మేసి, మర్నాటి నుంచి మళ్ళీ మాడు పగిలే ఎండ. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆటలో, హీరోయిన్ కన్నీళ్ళు పెట్టుకునే చోట, ఆవిడ పైపెదవి మీద తెల్లగా మీసం మొలిచింది.

కార్లలో పిల్లలు పగలబడి నవ్వారు. హీరోయిన్ పక్కకి జరిగితే మీసం అక్కడే ఉండిపోయి, ఈసారి హీరో గారి చెంప మీద బొల్లి మచ్చయింది.

"లెన్సు మీద దుమ్ము" అన్నాడు అన్నయ్య. లెన్సు తుడిచాం. మర్నాటికి మచ్చలు పెరిగాయి. "రంగు కంపెనీ వాడు మోసం చేశాడు" అన్నాడు. మళ్ళీ రంగు కొట్టించాం. కొట్టిన రంగు కుష్ఠురోగి చర్మంలా ఉబ్బి, వేలితో తాకితే ఊడొచ్చింది. నాన్న తెర ముందుకొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని తీర్పు చెప్పాడు. "ఎంత పెద్ద మేస్త్రీ అయితే ఏం లాభం. చెయ్యి మంచిది కాదు."

ఆ మాట వినగానే మొదటిసారి నేను నాన్న వైపు కాక గోడ వైపు చూశాను.

ఆ మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని, గట్టి చీపురు తీసుకుని నేనే గోడెక్కాను. గీకుతుంటే తెల్లటి పొడి పిండిలా రాలి మొహమంతా పడింది. పెదాల మీద పడింది నాలుకకి తగిలింది.

ఉప్పు.

నిచ్చెన మీదే ఉమ్మేశాను. కుడివైపు గీకాను, నాకాను. ఎడమవైపు గీకాను, నాకాను. ఒక మనిషి పట్టపగలు నిచ్చెన మీద నిలబడి సినిమా తెర నాకుతున్నాడంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో కూడా తట్టలేదు. బట్టీలో పచ్చి ఇటుకలు ఆరేటప్పుడు అంచుల మీద తెల్లగా ఏదో పట్టేది. "బూడిదరా" అనేవాడు నాన్న. బట్టీలో బూడిద ఉండటంలో వింతేముంది? నేను ఊదేసి కాల్చేవాణ్ణి.

ప్రొజెక్టరు గదిలో అన్నయ్య వైర్లు చుడుతున్నాడు.

"ఆ మట్టి ఎక్కడిది?" అన్నాను.

వాడు తల ఎత్తలేదు. "ఏ మట్టి?"

"తెర నాకి వచ్చాను. చెప్పు."

వైరు కింద పెట్టాడు. "మంచి మట్టి ఎప్పుడో అయిపోయిందిరా. అవతల ఉప్పు తేలిన చౌడు నేల చవగ్గా దొరికింది. ల్యాబులో పరీక్ష చేయించాను. ఇటుకకి పనికిరాదన్నారు."

"అని తెలిసీ?"

"కాలుతుంది కదా. చూడ్డానికి ఎర్రగా ఉంటుంది కదా. ఇంటి గోడైతే ఊడేసరికి రెండేళ్ళు పడుతుంది, ఇలా ఎండకీ వానకీ నిలబడ్డది ఎన్నాళ్ళాగుతుంది? రేకులూ రేకులూ అని నేనెందుకు మొత్తుకున్నాననుకున్నావ్? నువ్వే కదా మనవలూ ముని మనవలూ అన్నావ్!"

తప్పు నాదే అయిపోయింది చూడండి.

"నాన్నకి తెలుసా?"

"ఆ నేల బేరమాడింది ఎవరనుకున్నావ్? తెలుసు. కానీ ఇప్పుడడుగు, తెలీదంటాడు. నటన కాదు. బాత్రూమూ మేస్త్రీ చెయ్యీ అని అందరికీ చెప్పీ చెప్పీ ఆయనకి అదే నిజమైపోయింది. లేకపోతే ఆ ఇటుకతో అంత గోడ కట్టించుకుంటాడా, బుద్ధున్నవాడెవడన్నా?" అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "చూడు, పెద్ద తెల్లగుడ్డ ఒకటి చెప్పాను. గోడకి అడ్డంగా కట్టేద్దాం. మీ ఆవిడకి మాత్రం ఇదంతా చెప్పకు. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు."

ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి బయటికొచ్చాను.

పాప్‌కార్న్ కొట్లో నా భార్య సాయంత్రానికి గింజలు కొలుస్తోంది. గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడే నా మొహం చూసి నవ్వింది.

"మూతి చుట్టూ ఆ తెలుపేంటి? అప్పుడే డబ్బాలో చెయ్యి పెట్టారా?"

"ఉప్పు" అన్నాను.

"అదే అంటున్నాను."

"ఈ డబ్బాలోది కాదు. గోడది."

ఆవిడ కొలత గ్లాసు అలాగే పట్టుకుని నా వంక చూసింది. ఆ తర్వాత గ్లాసు గింజల్లో గుచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని నా పక్క నుంచి బయటికి నడిచింది. తెర దగ్గరికి వెళ్ళింది. ముందువైపు కాదు, చుట్టూ తిరిగి వెనకవైపుకి వెళ్ళింది. అక్కడ కాస్సేపు ఉంది. తిరిగొచ్చి, "వెనకేం లేదు" అంది. "ఉత్త పొలం."

ఆవిడ చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"ఆటకి వచ్చేస్తాలెండి" అంది.

ఆ సాయంత్రం గుడ్డ ఇంకా రాలేదు. ఆట ఆపితే పరువు పోతుందని అన్నయ్య మచ్చల మీదే బొమ్మ వేశాడు. కార్లు నిండాయి. అందరినీ సర్దేసి టార్చి ఆర్పబోతుంటే గేటు దగ్గర్నుంచి ఆటో ఒకటి గుడగుడమంటూ వచ్చింది. వెనక సీట్లో నా భార్య, పక్కన మా మామగారు. ఉతికిన చొక్కా, దువ్విన తల. మనిషి సగమయ్యాడు.

"టికెట్టు తీసుకున్నాం" అంది ఆవిడ, నేను అడక్కుండానే. "ముందు వరసలో చూపించండి."

టార్చి చూపించాను. ఆటో అన్ని వరసలూ దాటుకుని, తెరకి ఎదురుగా వెళ్ళి ఆగింది. దాని ఒంటి లైటు గోడ మీద పడింది. ఆ చోట బొమ్మ చెరిగిపోయింది. హీరో నడుము దగ్గర గుండ్రంగా ఉత్త గోడ బయటపడింది. ఉబ్బిన రంగు, పొక్కులు, అంచులు లేచిన పెచ్చులు.

"లైటు ఆర్పండి" అనాలి నేను. అది నా పని. అనలేదు.

పక్క కారులో మందుల షాపాయన కిటికీ దించి తల బయటపెట్టాడు. "ఇదేంటి, మా హాల్లో మచ్చ కూడా అచ్చం ఇలాగే ఉంటుందే!" అని తన హెడ్‌లైట్లు వేశాడు. హీరో కాళ్ళు పోయాయి. వెనక వరసలో ఎవరో "మా వంటింట్లో కూడా" అన్నారు. ఇంకో జత లైట్లు. ఇంకో జత. రేడియోల్లో పాట సాగుతూనే ఉంది, తెర మీద మాత్రం హీరో లేడు, హీరోయిన్ లేదు. పట్టపగల్లాంటి వెలుగులో నేను కాల్చిన గోడ ఒళ్ళంతా పుండ్లతో నిలబడి ఉంది.

"లైట్లు ఆర్పండి! దయచేసి ఆర్పండి!" అన్నయ్య బూట్లు జారుతూ కట్టల మీద పరిగెత్తాడు. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చాడు. వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, అంతమంది ముందు, అలవాటైన గొంతుతో మొదలుపెట్టాడు. "ఏం లేదండీ, ఆ మేస్త్రీ చెయ్యి..."

ఆటోలోంచి మా మామగారు తల బయటపెట్టాడు. గొంతులో కోపం కూడా లేదు.

"వెనక బాత్రూం ఉందేమో చూశారా బావగారూ?"

ముందు మందుల షాపాయన నవ్వాడు. ఆ పైన కార్లన్నీ నవ్వాయి. హారన్లు కొట్టి మరీ నవ్వాయి. నాన్న ఆ వెలుగులో నిలబడి, నిజంగానే వెనకేముందో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా గోడ వైపు తిరిగాడు.

ఆటో వెనక్కి తిరిగింది. నా పక్క నుంచి వెళ్తున్నప్పుడు నా భార్య నా వైపు చూడలేదు. వాళ్ళ నాన్న చొక్కా భుజం మీద ఏదో అంటుకుంటే దులుపుతోంది.

ఊరంతా వచ్చి మా ఇల్లు కూల్చేస్తుందనుకున్నాను. అలా జరిగుంటే ఈ ఊరి మీద నాకు కాస్త గౌరవం మిగిలేది. పొద్దున్నే ఒక్కొక్కరే వచ్చారు. కేకలేశారు, మీ అంతు చూస్తామన్నారు. అన్నయ్య అందర్నీ ఆఫీసు గదిలో కూచోబెట్టి టీ ఇప్పించాడు. బయటికొచ్చేటప్పుడు ఒక్కొక్కడి చేతిలో ఈ సీజనంతా చెల్లే ఫ్రీ పాసు. ఇల్లు ఊడిపోయినవాడు పాప్‌కార్న్ కూడా ఫ్రీయేనా అని అడిగాడు. ఇస్తామన్నాడు అన్నయ్య. అంతే, అయిపోయింది! గోడకి తెల్లగుడ్డ కట్టారు. ఆ సాయంత్రమే మళ్ళీ కార్లు నిండాయి. మందుల షాపాయన ముందు వరసలో, పెళ్ళాం పిల్లల్తో సహా. మా మామ చేతికి అంటిన చెడ్డమాట గురించి ఒక్కడూ అడగలేదు. పొద్దున్న ఎముకలు మాత్రం ఎప్పటిలాగే వదిలి వెళ్ళారు.

నాన్న గేటు దగ్గర కుర్చీ మానలేదు. "ఆ గుడ్డ చూశారూ, మా పెద్దోడు తెప్పించాడు" అంటున్నాడు.

నా భార్య తిరిగొస్తుందని చూశాను. రాలేదు. ఒక పొద్దున ఊడుస్తూ ఊడుస్తూ, ఎవరో సగం కొరికి ఉమ్మేసిన దాన్ని చేత్తో ఎత్తి మళ్ళీ కిందే వదిలేశాను. చీపురు అక్కడే పడేసి ఆ మూడు వీధులూ నడిచాను.

మా మామగారిది ఒంటి గది ఇల్లు. పెళ్ళినాడు మా నాన్న పెద్ద మనసుతో లారీ ఇటుక ఇస్తే ఆయనే కట్టుకున్నాడు. తలుపు తీసే ఉంది. నా భార్య తలకి గుడ్డ చుట్టుకుని, ఉలి పెట్టి ఎదుటి గోడ చెక్కుతోంది. నేనొచ్చినట్టు చూసింది, చెక్కడం ఆపలేదు.

ఆ గోడ సంగతి ముందు అర్థం కాలేదు. గదిలోకి తోసుకొచ్చినట్టు ఉంది. గుమ్మం చట్రం గోడలో మునిగిపోయింది. స్విచ్చు నొక్కాలంటే గుంటలోకి వేలు దూర్చాలి. ఆవిడ చెక్కిన చోట అంచు చూశాను. ప్లాస్టరింగు మీద ప్లాస్టరింగు, దాని మీద ప్లాస్టరింగు, మధ్యమధ్య తెల్లటి ఉప్పు గీత, ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా.

మామగారు మంచం మీద కూచుని ఉన్నాడు. "రండి అల్లుడుగారూ. కుర్చీ లేదు. గోడ పెరిగింది కదా, చోటు చాల్లేదు, తీసేశాను."

"ఇదంతా..."

"ఊడినప్పుడల్లా మళ్ళీ వేసేవాణ్ణి. ఎక్కడ తప్పు చేస్తున్నానో చూద్దామని. ఇసుక మార్చాను. సిమెంటు మార్చాను. బావి నీళ్ళు మానేసి కొనుక్కున్న నీళ్ళు పోశాను."

"ఇటుక మీద అనుమానం అన్నారుగా, ఆ రోజు మా వాకిట్లో?"

"కోపంలో అన్నాను. కన్నకూతురే నీకు చేతకాదంటే ఎవడైనా ఎంతకాలం అనుమానిస్తాడు?" ఆవిడ ఉలి ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. "ఆఖరికి కుడిచెయ్యే పాడైందేమోనని ఎడంచేత్తో నేర్చుకున్నాను. ఇదిగో, ఈ పై పొర ఎడంచేత్తో వేసిందే." ఎడమ అరచెయ్యి చాచి చూపించాడు. కొత్త కాయలు. "బాగా వచ్చింది కదూ? నున్నగా వచ్చింది."

నేను ఆ చెయ్యి వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన ముసిముసిగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తుంటే మా నాన్న మీద, అన్నయ్య మీద, హారన్లు కొట్టి నవ్విన ఊరి మీద, ఎర్రగా కాలిందని మురిసిపోయిన నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

ఆవిడ కొట్టిన దెబ్బకి పెద్ద పలక ఒకటి ఊడి నేల మీద పడి పొడిపొడి అయింది. లోపల మా ఇటుక కనిపించింది. ఎర్రగా, చక్కగా ఉంది.

"ఇంటికి..." అన్నాను.

"చీపురు ఆ మూల ఉంది" అంది ఆవిడ, ఇటు తిరక్కుండానే. "గచ్చంతా పాడవుతోంది."

చీపురు తెచ్చి వంగాను. ఊడుస్తుంటే తెల్లటి పొడి లేచి మొహం మీద పడింది, పెదాల మీద పడింది. నోరంతా ఉప్పన. అలవాటు కొద్దీ ఉమ్మేయబోయాను.

అది వాళ్ళ ఇల్లు. మింగేశాను.